మెస్యే కృష్ణస్వామి

దరఖాస్తులో ఏడో గడి దగ్గర కృష్ణస్వామి కాస్త ఆగాడు. ‘భారత పౌరుడై ఉండాలి’ అని ఉంది. అవునని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఎంత నొక్కి గీశాడంటే, కాగితం చిరిగినంత పనైంది.

ఆ గీతలు లోకనాథన్ మీద కోపంతో గీసినవి.

పాండిచ్చేరి ముత్తియాల్‌పేటలో వాళ్ళ ఎదురిల్లే లోకనాథన్‌ది. ఒకప్పుడు ఫ్రెంచి పటాలంలో సిపాయి. అరవైరెండులో ఫ్రెంచివాళ్ళు ఆ ఊరిని పూర్తిగా వదులుకున్నప్పుడు, కావలసినవాళ్ళు ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చన్నారు. ఈయన ఉండిపోయాడు. నెలనెలా ఫ్రాన్సు నుంచి పింఛను. పొద్దున పదింటికల్లా బ్రాందీ. ఆ కంపుతోనే మోపెడ్ ఎక్కి, వన్‌వేలో ఎదురొచ్చి, కూరగాయలమ్మే పూంగావనం గంపను గుద్ది, తిరిగి ఆవిడనే తిట్టేవాడు. కానిస్టేబులు ఆపితే జేబులోంచి పాస్‌పోర్టు తీసి మొహం ముందు ఆడించేవాడు. ఆ కానిస్టేబులు సెల్యూట్ కొట్టేవాడు!

అన్నిటికన్నా రోత ఆ పిలుపు. వీధిలో కనిపిస్తే చాలు, టోపీ ఎత్తి, “బొంజూర్, మెస్యే కృష్ణస్వామి!” అని అరిచేవాడు. మెస్యే అంటే ఫ్రెంచిలో అయ్యగారని. కాలరు చిరిగిన చొక్కా వేసుకున్నవాణ్ణి పట్టుకుని అయ్యగారంటే ఎగతాళి కాక మరేమిటి?

జూలై పద్నాలుగు, ఫ్రెంచివాళ్ళ పండగనాడు, ఓ కాగితం జెండా, ఓ కేకు ముక్క తెచ్చి వీళ్ళ గుమ్మంలో పెట్టి పోయేవాడు. కృష్ణస్వామి రెండింటినీ కాలితో మురిక్కాలవలోకి నెట్టేవాడు.

“అట్ల చేయొద్దురా,” అనేది తల్లి మంగళం. “మీ నాయన పోయినప్పుడు నీకు నాలుగేండ్లు. మనకు పింఛను ఇప్పించాలని ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనొక్కడే.”

“తిరిగి ఏం తెచ్చినాడు?”

“ఏమీ రాలేదులే. అది మన రాత.”

“తాగుబోతు తిరిగితే ఏమొస్తాది? దేశాన్నే వద్దనుకున్నోడు. ఈ ఉద్యోగం రానీమా. మొదటి కేసు ఆయన మీదనే రాస్తా.”

ఉద్యోగం హైవే ట్రాఫిక్ ఆఫీసరు. ఎర్రటోపీ పెట్టుకుని, కడలూరు రోడ్డు మీదా తిండివనం రోడ్డు మీదా బుల్లెట్ బండిపై తిరగాలి. ఆరు ఖాళీలు, నాలుగువందల మంది. కృష్ణస్వామికి ఇరవైమూడు నిండాయి. ఈ ఏడు దాటితే వయసు మించిపోతుంది. అందుకే లేత్ వర్క్‌షాపులో పని మానేసి, ఆర్నెల్లు సముద్రం ఒడ్డున పరిగెత్తాడు.

ఎంపిక జరిగిన మైదానంలో ఇంకో రోత. ఎత్తు చాలనివాడొకడు జుట్టులో చింతపండు ముద్ద దాచుకొచ్చాడు. ఎండకి అది కరిగి చెవుల మీదికి కారింది. ఛాతీ కొలిచే మనిషి తాంబూలం నములుతూ, పెదాలు తుడుచుకున్న వేళ్ళతోనే అందరి నోళ్ళూ తెరిచి పళ్ళు చూశాడు. కృష్ణస్వామి నోట్లోంచి ఆ సున్నం రుచి సాయంత్రం దాకా పోలేదు. ఛీ, ఇదీ ఒక ఎంపికేనా?

అయినా నెగ్గాడు.

“ఈ ఉద్యోగమే ఎందుకు?” అని ఇంటర్వ్యూలో అడిగాడు పెద్దాఫీసరు.

“రోడ్డు మీద అందరికీ ఒకే చట్టం ఉండాల సార్. జేబులో ఏ పాస్‌పోర్టు ఉన్నా సరే.”

ఆఫీసరు నవ్వి టిక్కు పెట్టాడు. జాబితాలో కృష్ణస్వామిది మూడో పేరు.

మిగిలింది పుట్టిన సర్టిఫికెట్టు. అప్పటి రిజిస్టర్లన్నీ ఫ్రెంచిలోనే ఉన్నాయి. రికార్డుల గుమాస్తా త్యాగరాజన్ నకలు తీసిచ్చి అన్నాడు: “అంచులో ఎవరో తర్వాత రెండు వరుసలు రాసుండారు. ఉన్నదున్నట్టు దించినా. అర్థం నాకూ తెలీదు. ఎవరిచేతనైనా ఇంగ్లీషులో రాయించి రేపటికల్లా ఇయ్యి. లేకుంటే నీ చోటు ఏడోవాడికి పోతాది.”

కృష్ణస్వామికి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. బళ్ళో నేర్పుతామన్నా అసహ్యంతో నేర్చుకోలేదు. ఎరిగినవాళ్ళలో చదవగలిగింది ఒక్కడే.

వీధి దాటడానికి పదడుగులు. ఆ పదడుగులూ పేడలో నడిచినట్టు నడిచాడు. లోకనాథన్ వరండాలో మాసిన బనియనుతో కూర్చుని, చేపముల్లుతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. పక్కన గ్లాసు. గ్లాసు మీద ఈగలు.

“మామా,” అన్నాడు కృష్ణస్వామి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. “దీన్ని చదివిపెట్టల్ల.”

“యాడిది? ఓ, పుట్టిన కాగితమా!”

జిడ్డువేళ్ళతో అందుకున్నాడు. కాగితం మీద చేపనూనె మరక పడింది. కృష్ణస్వామి పళ్ళు నూరుకున్నాడు. ఉద్యోగంలో చేరిన రోజే, ఇంటి ముందే, మొదటి కేసు.

“పేరు సరిగ్గా ఉండాది. తేదీ సరే. నాయన పేరూ సరే...”

అంచు దగ్గరికొచ్చి ఆయన వేలు ఆగింది. గ్లాసు దూరంగా జరిపాడు. లేచి, ఏమాత్రం తూలకుండా, పటాలంలో నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు.

“ఏంది, ఏం రాసుండారు?” అన్నాడు కృష్ణస్వామి.

“మీ అమ్మ నీకు చెప్పనే లేదా? పింఛనొస్తాదని అరవైరెండులో ఆమె చేత నేనే వేలిముద్ర వేయించినా గదా, ఆ దినం నుంచి నువ్వూ నామాదిరే ఫ్రెంచి పౌరుడివి, మెస్యే కృష్ణస్వామి!”