నాలుగు బొమ్మలు, ఒక తలుపు

చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి ఆమె ఇస్త్రీపెట్టెతో గట్టిగా నొక్కింది. సుయ్యిమంది.

గోడ గడియారంలో పది దాటి ఐదు నిమిషాలు. పదకొండుకల్లా నక్షాల ఆఫీసులో ఉండాలి. పెళ్ళికి ముందు తను ఇళ్ళ నక్షాలు, ప్లాన్లు గీసిన చోటే, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పిలిచారు. "పదకొండు దాటితే ఇంకొకరిని తీసేసుకుంటాం, తర్వాత మమ్మల్ని అనొద్దమ్మా" అని పెద్ద ఇంజినీరు ముందే చెప్పాడు. బస్సులో అరగంట దారి.

పొద్దున ఆ సంగతి చెబితే భర్త కాలు మీద కాలేసుకుని చదువుతున్న పేపర్లోంచి తలైనా ఎత్తలేదు. "వెళ్ళొద్దని ఎవరన్నారు? పనులయ్యాక వెళ్ళు."

పనులట, పనులు! రెండో షిఫ్టుకి ఆయన చొక్కా. అత్తగారి మందులు. ఆవిడ కళ్ళజోడు వెతకడం. నానబెట్టిన దుప్పట్లు. ఒకటి ముగిసేలోపు ఇంకోటి పుట్టుకొస్తోంది.

"వదినా, ఒక్కసారి రావా?" వీధి కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చున్న ఆడపడుచు పిలిచింది. "నా గేమ్ మొదటి భాగం అయిపోయింది. ముందు నువ్వే ఆడాలి. రెండు నిమిషాలు చాలు."

"నాకు రెండు నిమిషాలు దొరికితే తల దువ్వుకుంటాను."

"నీకోసమే చేశాను వదినా."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి వెళ్ళి చూసింది. తెర మీద గళ్ళుగళ్ళుగా ఒక ఇల్లు. ఈ ఇల్లే. ఎప్పుడో నోటుపుస్తకం చివరి పేజీలో తను ఊసుపోక గీసిన నక్షా. గదుల కొలతలు అవే. వీధి తలుపు ఎటు తెరుచుకుంటుందో చెప్పే వంపు గీత కూడా అలాగే ఉంది. మధ్యలో, జుట్టు ముడేసుకుని, చేతిలో ఇస్త్రీపెట్టెతో ఒక బొమ్మ.

"ఇది నేనా?"

"అవును. మనమే ఒక పాత్రలోకి దూరి తిరిగే ఆట ఇది. ఆడినంతసేపు ఎవరైనా నువ్వైపోతారు."

పక్కనే అత్తగారి బొమ్మ నెత్తిన ఒక మాట వెలిగింది: "పనులన్నీ అయ్యాకే బయటికి."

ఆమెకి ఒళ్ళు మండింది. మూడు నెలలుగా ఈ పిల్ల వెనకాలే తిరుగుతూ "లేవగానే ఏం చేస్తావు వదినా, ఆ తర్వాత?" అని అడిగి రాసుకుంటుంటే, పోనీలే, తనని అడిగే మనిషి ఒకరున్నారని మురిసిపోయింది. అదంతా ఇందుకా!

"ఇంట్లో కట్టేసింది చాలక ఇందులో కూడా కట్టేశావా? నలుగురూ ఆడుకుని నవ్వుకోవడానికి?"

"ఆ మాటలు నేను అల్లినవి కావు. ఇంట్లో విన్నవే రాశాను. నువ్వు ఆడితే కదా..."

"నువ్వే ఆడుకో!" విసురుగా వెనక్కి వచ్చేసింది. ఎంతైనా అదీ వాళ్ళ రక్తమే.

గోల విని భర్త వచ్చాడు. "మూడు నెలలు కళ్ళు పోగొట్టుకుని చేసింది ఇదా? కత్తులేవి? రాక్షసులేరి?"

"మొదలుపెట్టేటప్పుడు చిన్నదే చేయాలన్నయ్యా. పెద్దది పెట్టుకుంటే మధ్యలో వదిలేస్తాం. ఒక ఇల్లు, నాలుగు బొమ్మలు, ఒక తలుపు. తలుపు దాటితే గెలిచినట్టు."

"ఇంతేనా? జరుగు. చొక్కా అయ్యేలోపు గెలిచి చూపిస్తా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె బొమ్మని గది గదికీ పరిగెత్తించాడు. నీళ్ళు పట్టాడు. మందులిచ్చాడు. దుప్పట్లు ఆరేశాడు. ఒక్కో పని అవగానే ఎవరో ఒకరి నెత్తిన ఇంకో మాట వెలుగుతూనే ఉంది.

"కళ్ళజోడు ఇందాకే కదే ఇచ్చాను!"

"మళ్ళీ పోయిందన్నయ్యా."

"వీడెవడ్రా బాబూ, కాలు మీద కాలేసుకుని కూర్చుని పిలుస్తూనే ఉన్నాడు?"

పేపరు పట్టుకున్న ఆ బొమ్మని ఆయన గుర్తుపట్టనేలేదు.

ఆమె చొక్కా చెయ్యి పరుస్తూ వెనకనుంచి చూస్తోంది. బొమ్మ తలుపు ముందునుంచి పదిసార్లు వెళ్ళింది, పదిసార్లు వచ్చింది. ఆగలేదు. అన్ని పనులు మిగిలుంటే ఆగే తీరికెక్కడిది?

"అమ్మాయీ, నా కళ్ళజోడు చూశావా?" లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది.

పది దాటి ఇరవై నిమిషాలు. భర్త బల్ల మీద గుద్దాడు.

"పంతొమ్మిది పనులు చేశాను! ఇది మనిషా, మరబొమ్మా? ఎంత చేసినా ఇంకోటి! నేనైతే ఎప్పుడో అన్నీ అవతల పారేసి పోయేవాణ్ణి!"

ఆమె చెయ్యి ఆగింది.

"ఆ చొక్కా ఇంకా కాలేదా?" తల తిప్పకుండానే అరిచాడు. "అది అయ్యాక కాస్త కాఫీ పెట్టు. ఆ దుప్పట్లు కూడా పిండేసి వెళ్ళు."

ఆమె ప్లగ్గు పీకేసింది. ఒక చెయ్యి నున్నగా, ఒక చెయ్యి ముడతలుగా ఉన్న చొక్కాని బల్ల మీద అలాగే వదిలేసింది. అలమరలోంచి ఫైలు తీసుకుంది. చెప్పులేసుకుంది.

"అమ్మాయీ!" అని అటునుంచి. "కాఫీ ఏదీ?" అని ఇటునుంచి.

తలుపు తీసుకుని వీధిలోకి దిగింది.

కిటికీ కిందనుంచి వెళ్తుంటే భర్త గొంతు వినబడింది. "మోసం గేమ్ ఇది! ఈ తలుపు తాళంచెవి ఎక్కడ దాచావే?"

"దానికి తాళమే పెట్టలేదన్నయ్యా."