కుడిచెయ్యి

"ఆ చెయ్యి తప్పమ్మా," అన్నాడు పొట్టి చేతుల చొక్కా మనిషి.

టైలరమ్మకి చివుక్కుమంది.

మూతపడ్డ నూనె మిల్లును కడిగి, సున్నం కొట్టి, బొమ్మల స్టూడియో చేశారు. వాన పడితే ఇప్పటికీ గోడలు నూనె వాసన కొడతాయి. వెనక గదిలో పాఠాలు, ముందు హాల్లో ప్రదర్శన. నేర్చుకున్నవాళ్ళంతా తలా ఒక బొమ్మ తగిలించారు.

పగలు బట్టలు కుట్టి, సాయంత్రాలు ఇక్కడ రంగులు కలిపే టైలరమ్మది నీళ్ళలో మునిగిన బస్సు బొమ్మ. పగిలిన కిటికీలోంచి లోపలికి దిగిన ఒక చెయ్యి.

చదువుకునే రోజుల్లో ఆ బస్సులో ఆమే ఉంది. ఆ చెయ్యే ఆమె మణికట్టు పట్టుకుని పైకి లాగింది. గట్టు మీద తెలివొచ్చేసరికి మనిషి లేడు. మొహమన్నా చూడలేదు. మణికట్టు మీద గోళ్ళు దిగిన మచ్చలు మాత్రం మిగిలాయి.

ఎప్పటికైనా ఆ మనిషి కంట పడుతుందనే ఈ బొమ్మ వేసింది. పేపర్లో కూడా పడింది.

పడ్డాక ముగ్గురు వచ్చారు. "అది నా చెయ్యే" అంటూ ముగ్గురూ అచ్చం బొమ్మలోలాగే కుడిచెయ్యి చాపి చూపించారు. ఏ కాలువ, ఎండాకాలమా వానాకాలమా అని అడిగితే నీళ్ళు నమిలారు.

ఇతను ఆ మాటా అనలేదు. వస్తూనే వంక పెట్టాడు.

"ఏం తప్పు బాబాయ్?"

"కుడిచెయ్యి వేశావు. ఎడమది ఉండాలి." ఎడమచేత్తోనే చూపించాడు.

"ఎందుకుండాలట?"

అతను కుడి పిడికిలి పైకెత్తి బిగించి చూపించాడు. "కుడిచెయ్యి పైన ఏదో ఒకటి పట్టుకోవద్దూ? లేకపోతే ఇద్దరూ లోపలికే."

"నా చేతినే అద్దంలో చూసుకుంటూ గీశాను బాబాయ్. గీత గీతా సరిచూశాను."

అటుగా వచ్చిన బొమ్మల మాస్టారు కలగజేసుకున్నారు.

"ఈయనది ఎడమచేతి వాటంలా ఉందమ్మా. లోకమంతా తిరగేసి కనిపిస్తుంది కాబోలు."

నలుగురూ నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ కదల్లేదు. ఎడమచెయ్యి పైకెత్తి బొమ్మలో చేతి పక్కన పెట్టబోయాడు.

"ముట్టుకోకండి." టైలరమ్మ గొంతు పెరిగింది. "చూసింది చాల్లే బాబాయ్. వెనక జనం ఉన్నారు. వాచ్‌మన్, ఈయనకి దారి చూపించు."

"అలాగే తల్లీ."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూశాడు.

"బాగున్నావుగా. అది చాలు."

పోతూ పోతూ ఎత్తిపొడిచాడనుకుంది.

మర్నాటికి ప్రదర్శన అయిపోయింది. టైలరమ్మ బొమ్మ దించుకుంటోంది. వెనక గదిలో మాస్టారు, ఎవరి మొహం వాళ్ళు వేసుకోవడం ఎలాగో కొత్తవాళ్ళకి చెబుతున్నారు.

"అద్దాన్ని నమ్మకండర్రా. కుడిని ఎడమ చేస్తుంది, ఎడమని కుడి చేస్తుంది. పాపిడి ఏ పక్కనుందో తడిమి చూసుకుని మరీ గీయండి."

టైలరమ్మ చేతులు బొమ్మ అంచు మీదే ఆగిపోయాయి.

బొమ్మ వేసిన రోజు కుంచె కుడిచేతిలో ఉంది. అద్దానికి చూపించింది రెండో చేతిని.

బొమ్మ కింద పెట్టి, కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుంది. బొటనవేలితో సహా ఒక్కో వేలూ ఒక్కో మచ్చ మీద కుదురుగా కూర్చుంది.

గేటు దగ్గరికి పరుగెత్తింది.

"నిన్నటి పొట్టి చేతుల చొక్కా ఆయన ఎటు వెళ్ళాడు?"

"ఏ ఊరివాడో ఏమోనమ్మా," అన్నాడు వాచ్‌మన్. "మీరు పంపించేయమన్నారుగా, అడగలేదు."

బొమ్మ చూసి వచ్చినవాళ్ళంతా కుడిచెయ్యే చాపారు. బొమ్మే తప్పని చెప్పగలిగినవాడు, ఆ రోజు కిటికీలోంచి చెయ్యి చాపినవాడొక్కడే.