నిచ్చెన దగ్గర పిలుపు

సరిహద్దు కొండ మీదున్న ప్రభుత్వ సైనిక శిబిరం ఆ సాయంత్రమే మా కరెన్ తెగ కుర్రాళ్ల చేతికొచ్చింది. వాళ్లలో నా మొగుడూ ఉన్నాడు. కబురు అందగానే అడవిలో దాక్కున్న నేనూ, మా అత్త నో మూ ఫాయూ చీకట్లోనే ఊరికి పరుగెత్తాం.

ఒక్క ఉదుటున మా వెదురింటి నిచ్చెన ఎక్కబోతుంటే అత్త చెయ్యి పట్టుకుంది.

"ఆగవే, తొందరమొహమా. ఫిరంగులకు బెదిరి మన ఆత్మలు అడవిలో తప్పిపోయుంటాయి. వాటిని పిలవకుండా ఎక్కితే ఒట్టి ఒళ్లే ఇల్లు చేరేది."

"అయితే త్వరగా పిలువత్తా. నా కాళ్లు ఆగట్లేదు."

అత్త మూటలోంచి గరిటె తీసి, దాంతో నిచ్చెన మీద తట్టి, ముందు తన పేరు పిలుచుకుంది. తర్వాత నా పేరు.

"నో పో సే, ఇంటికి రావే తల్లీ."

పైన వెదురు నేల కిర్రుమంది. నా గుండె ఎగిరింది.

"అత్తా, మీ అబ్బాయి మనకంటే ముందే వచ్చేశాడు."

అత్త మళ్లీ నా పేరు పిలిచింది.

"వచ్చేశానత్తా," అని ఇంట్లోంచి నా గొంతే పలికింది.

అత్త ముఖం విప్పారింది. నా వైపు తిరిగి, "ఎవరింటికొచ్చారమ్మా మీరు?" అని మర్యాదగా అడిగింది. జవాబు కోసం ఆగకుండా గబగబా ఎక్కేసి, నిచ్చెన పైకి లాగేసుకుంది.