ఆగి ఆగి

"ఆగి ఆగి పెట్టారా తల్లీ, అదేపనిగా పెట్టారా?"

ఆసుపత్రిలో మిషను గదిలోంచి బయటికొచ్చిన లెక్కల టీచరుకి ఎదురైన మొదటి ప్రశ్న అది.

అడిగింది గోడవార బెంచీ మీద కూర్చున్న ముసలాయన. సిమెంటు తినేసిన వేళ్లు. అందరూ మేస్త్రీ అంటారు. పక్క బ్లాకులో ఏదో కట్టుబడి నడుస్తోంది, ఖాళీ దొరికితే వచ్చి కూర్చుంటాడు కాబోలనుకుంది.

"ఏం పెట్టారని?"

"అదేనమ్మా, పొట్టమీద పెట్టే మిషను."

ఆవిడకి ఒళ్లు మండింది. అసలే కడుపులో నిమ్మకాయంత గడ్డ. అది సగానికి తగ్గితే గానీ ఆపరేషను కుదరదన్నారు. మందేమో కంటికి ఆనని నలుసుల్లో నింపి రక్తంలోకి ఎక్కిస్తారు. గడ్డ బిరుసుగా ఉంటే ఆ నలుసులు అంచు దగ్గరే ఆగిపోతాయట. అందుకని చెవికి వినపడని శబ్దంతో గడ్డని కదిలించి, వాటిని లోపలికి దింపుతారు.

"మీరు డాక్టరా?"

"కాదమ్మా, స్లాబులు పోస్తాను."

"అయితే అదే పోసుకోండి."

మేస్త్రీ హాయిగా నవ్వేశాడు.

మరుసటి వారమూ అదే ప్రశ్న. పీడా వదులుతుందని "ఆగి ఆగే" అంది.

"హమ్మయ్య!" అన్నాడు, తన కూతురు పరీక్ష పాసైనట్టు.

మూడోవారం ఏకంగా పాఠమే మొదలెట్టాడు.

"కాంక్రీటు మూలలకి దిగాలంటే వైబ్రేటర్ పెట్టాలమ్మా. ఒకేచోట అదేపనిగా పెట్టామనుకో, కంకర అడుక్కి పోతుంది, సిమెంటు పాలు పైకి తేల్తాయి. కాసేపు పెట్టాలి, తియ్యాలి, మళ్లీ పెట్టాలి."

"నా కడుపు స్లాబు కాదండీ!"

ఆ తర్వాత ఆయన్ని చూసీ చూడనట్టు వెళ్లిపోయేది.

ఎనిమిదోవారం డాక్టరమ్మ స్కానింగు ఫిల్ము పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"గడ్డ గోళీకాయంత అయింది టీచర్ గారూ! పైవారం ఆపరేషను."

టీచరు డాక్టరమ్మ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"మీ మేలు ఈ జన్మలో మరిచిపోనమ్మా."

"నాకు కాదు, మేస్త్రీకి చెప్పాలి."

"ఆయనకా?"

"మొదట్లో మిషను అదేపనిగా పెట్టేవాళ్లం. మందు లోపలికి దిగేది కాదు. ఆగి ఆగి పెట్టి చూడండమ్మా అన్నారాయన. పెద్ద చదువులు చదివినవాళ్లం కదా, నవ్వేశాం. నాలుగు నెలలు గడిచాక, చూద్దాం పోనీ అని అలా పెట్టాం. అంతే, దిగింది!"

టీచరుకి సిగ్గుతో తల వాలిపోయింది. ఆ వెంటనే గుండె నిండిపోయింది. తన ప్రాణం నిలబెట్టిన మనిషిని పట్టుకుని ఎన్నెన్ని మాటలంది!

"ఇప్పుడే వెళ్లి దణ్ణం పెట్టుకుంటాను. బెంచీ మీద కనపళ్లేదే, పనిలో ఉన్నారా?"

డాక్టరమ్మ ఫిల్ము బల్ల మీద పెట్టింది.

"సోమవారం పోయారు."

"అయ్యో! ఏమైంది?"

"మీకొచ్చిన గడ్డే. ఈ వైద్యానికి మా దగ్గరికొచ్చిన మొట్టమొదటి రోగి ఆయన. మేం నవ్వుతూ పోగొట్టిన ఆ నాలుగు నెలలూ ఆయనవే టీచర్ గారూ."