పొడుగు మాట

"కాస్త అటు జరగండి సార్. బెంచీ అంతా మీదేనా?"

విచారణ గది బయట కూర్చున్న పెద్దమనిషి రెండు చేతులూ బెంచీకి ఆనించి, నెమ్మదిగా జానెడు జరిగాడు.

బస్సు డ్రైవరు ఆ జానెడులోనే ఇరుక్కుని కూర్చున్నాడు. పదకొండింటికి పిలుస్తామన్నారు. జేబులో రెండు కాగితాలున్నాయి. ఒకటి, బస్సు ఒక మనిషిని గుద్దిన రోజు తనను పరీక్షించి ఇచ్చిన ఆసుపత్రి రిపోర్టు. రెండోది, తాగి బండి నడిపానని ఒప్పుకుంటూ డిపో గుమాస్తా రాసిపెట్టిన క్షమాపణ. సంతకం కూడా అయిపోయింది.

అతను జన్మలో చుక్క ముట్టలేదు.

"మీకు ఇంగ్లీషు వచ్చా?" అన్నాడు ఉండబట్టలేక.

"కొంచెం. మొన్నమొన్నటి దాకా పాఠాలు చెప్పేవాణ్ణి."

"రిటైరయ్యారా?"

"అలాంటిదే."

డ్రైవరు రిపోర్టు తీసి, ఎర్ర సిరాతో గీత గీసిన మాట మీద వేలు పెట్టాడు.

"డిస్కంబాబ్యులేటెడ్," చదివాడు పెద్దమనిషి.

"ఆ, అదే! తాగి ఒళ్లు తెలియనివాణ్ణి అలా అంటారట కదా?"

"ఎవరన్నారు?"

"మా గుమాస్తా. డిపో అంతా అదే మాట. అంత పొడుగు మాటంటే చిన్న తప్పయ్యుండదు బావా, కాళ్ల మీద పడిపో, ఉద్యోగమైనా మిగులుతుంది అంటున్నారు. మా ఆవిడైతే వారం నుంచి నా మొహం చూడ్డం లేదు."

పెద్దమనిషి చిన్నగా నవ్వాడు.

"తాగుడుకీ దీనికీ సంబంధం లేదు. బుర్ర తికమకపడటం, అంతే. కొత్తచోట పడుకుని లేచి, తలుపు ఎటుందో తెలియక తడుముకుంటామే, అలాంటి అయోమయం. సరదా కబుర్లలో వాడే మాట. రిపోర్టులో రాయాల్సింది కాదు. ఎవరో కొత్త డాక్టరై ఉంటాడు."

"అయోమయంగా బండి నడిపాననేగా? అదీ తప్పేగా?"

"పై వాక్యం చూడండి. స్టీరింగుకు తల కొట్టుకున్నాక, అని ఉంది. ఇది గుద్దిన తర్వాతి సంగతి. నడిపినప్పటిది కాదు."

డ్రైవరుకు ఆశ పుట్టింది. ఆశతోపాటే ఎందుకో కోపమూ వచ్చింది.

"కూర్చున్నచోట కూర్చుని అర్థాలు చెప్పడం తేలికే సార్. బ్రేకు పట్టని బండిని జనం మధ్య తిప్పితే తెలుస్తుంది."

పెద్దమనిషి తన కాళ్ల వైపు ఓసారి చూసుకున్నాడు.

"బ్రేకు సంగతి ముందే చెప్పారా?"

"మూడుసార్లు. రిపేరు పుస్తకంలో రాయించాను కూడా."

"ఆ పుస్తకం తెప్పించమనండి. క్షమాపణ మాత్రం ఇవ్వకండి. చెయ్యని తప్పు మీరు నెత్తినేసుకుంటే, చేసినవాడు హాయిగా నిద్రపోతాడు."

"ఉద్యోగం పోతే మీరిప్పిస్తారా?"

"ఇప్పించలేను."

"మరి ఈ ఉచిత సలహాలెందుకు?"

లోపలి నుంచి పిలుపొచ్చింది. డ్రైవరు వస్తానని కూడా అనకుండా లేచాడు.

అధికారి పక్కనే గుమాస్తా కూర్చున్నాడు.

"క్షమాపణ రాశావటగా? ఇలా ఇవ్వు," అన్నాడు అధికారి.

డ్రైవరు జేబులో చెయ్యి పెట్టాడు. గుమాస్తా కళ్లతోనే కానిమ్మన్నాడు.

చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"నేను తాగలేదండీ. ఆ మాటకర్థం తాగుడు కాదు. రిపేరు పుస్తకం తెప్పించండి."

గుమాస్తా మొహం మాడిపోయింది.

పుస్తకం వచ్చింది. మూడుచోట్లా బ్రేకు సంగతి ఉంది. మూడింటి కిందా గుమాస్తా సంతకమే ఉంది.

అధికారి పుస్తకం మూసి, అద్దాలు తీశాడు.

"దెబ్బ తగిలిన మనిషిని ఒక్కసారైనా వెళ్లి చూశావా?"

"లేదండీ. వెళితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఈయనే వద్దన్నారు."

"ఆయన వద్దన్నాడు సరే. నీకు అనిపించలేదా?"



గంట తర్వాత డ్రైవరు, రేపటి నుంచి డ్యూటీకి రమ్మన్న కాగితంతో బయటికొచ్చాడు. బెంచీ ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూర్చున్న మాస్టారేరీ?" ప్యూనును అడిగాడు.

"ఇందాకే వెళ్లిపోయారు. నీ మీద సాక్ష్యానికి పిలిపించారు. చెప్పేదేం లేదని రాసిచ్చేశారు."

"నా మీద సాక్ష్యమా? ఆయనకేం తెలుసు?"

ప్యూను అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఫుట్‌పాత్ మీద నీ బస్సు గుద్దింది ఆయన్నే కదయ్యా. ఇక నడవలేరట, నేనూ వాచ్‌మనూ ఎత్తుకెళ్లి కార్లో కూర్చోబెట్టొచ్చాం."