నాలుగు చేతుల అమ్మ

"కుర్చీ వెనకుండే మనిషిని తీసెయ్ పాపా. మా అమ్మ ఒక్కతే ఉంటే చాలు."

గోపన్న తన ఫోను శిల్ప చేతికిచ్చాడు.

కోడుమూరు బస్టాండు పక్కన శిల్పది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు లేని రోజుల్లో పాత ఫొటోలు బాగుచేసి పెద్దవి చేయడమే ఆమెకు పని.

ఫోనులో బొమ్మ తపాలా బిళ్లంత ఉంది. కుర్చీలో పట్టుచీర కట్టుకున్న ఆడమనిషి. ఒళ్లో చంటిపిల్లాడు. కుర్చీ వెనక ఎవరో వంగి ఉన్నారు. నెత్తిన కొంగు, సగం ముఖం.

"ఇంతకంటే పెద్దది లేదా అన్నా? దీన్ని గోడకు పెట్టేంత చేస్తే చుక్కలు చుక్కలుగా పగిలిపోతాది."

"ఇదొక్కటే ఉండాది. కోసిగిలో మావాళ్లు కూలికి పోయిన పెద్దింటోళ్ల ఆల్బంలోది. వాళ్ల మనవడు అరుణ్ కుమార్ 'మీ అమ్మ ఉండే ఫొటో దొరికింది గోపన్నా' అని వాట్సాప్‌లో పంపినాడు."

గోపన్న పాలు మరవకముందే తల్లి పోయింది. ఆమె ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలీదు. బండలు పరిచే పనికి ఊళ్లు తిరిగి తిరిగి, ఇన్నాళ్లకు కోడుమూరులో సొంతిల్లు కట్టుకున్నాడు. ఎల్లుండే గృహప్రవేశం. నట్టింట్లో అమ్మ ఫొటో లేకుండా పాలు పొంగించేది లేదని భీష్మించుకుని కూర్చున్నాడు.

అతన్ని పెంచిన మేనత్త గిడ్డమ్మ బయట బెంచీ మీద వక్కాకు నములుతోంది. ఆ చిన్న బొమ్మ ఆమె కంటికి ఆనలేదు. పెద్దది చేసినాక పిలవమని చెప్పి అక్కడే చతికిలబడింది.

శిల్ప ఫొటోను కంప్యూటర్‌కు అప్పజెప్పింది. కాసేపటికి పట్టుచీర ముఖం నున్నగా తేలింది. కళ్లు తళతళలాడాయి.

గోపన్న కుర్చీ అంచుకు జరిగాడు. "మా అమ్మ శానా బాగుంది కదా పాపా."

"మరీ నమ్మొద్దన్నా. తెలీని చోట ఈ కంప్యూటరు దానికి తోచింది పూస్తాది. అవ్వను పిల్సి చూపిద్దామా?"

"చూపిద్దాంలే. ముందు ఆ వెనకామెను తీసెయ్. ఎవరో కూలామె అడ్డమొచ్చినట్టుండాది."

తన తల్లి కూడా కూలామే అన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తులేదు.

శిల్ప మౌసుతో తుడవసాగింది. కొంగు పోయింది. సగం ముఖమూ పోయింది. ఆమె చేయి టక్కున ఆగింది.

"అన్నా, మీ అమ్మకు నాలుగు చేతులుండాయి."

"నాలుగా?"

"కుర్చీ మీద ఈ రెండు చూడు, బంగారు గాజులు. పిల్లోని నడుంకాడ ఇంకో రెండు, మట్టిగాజులు."

గోపన్న నవ్వాడు. "అమ్మంటే అమ్మవారేలే. ఆ రెండూ తీసెయ్."

"తీసేస్తే పిల్లోడు కింద పడతాడన్నా."

గోపన్న నవ్వు సగంలో నిలిచిపోయింది. "అత్తా, ఒకసారి లోపలికి రా."

గిడ్డమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చింది. స్క్రీన్ దగ్గరికి ముఖం పెట్టింది.

"ఈమె యాడ మీయమ్మరా? ఈమె పెద్దింటమ్మ. పట్టుచీర, కుర్చీ మన కొంపలో యాడుండె?"

గోపన్న ముఖం చిన్నబోయింది. ఇంతసేపు మురిసింది ఎవరిని చూసి?

"అయితే ఈ ఫొటోలో మా అమ్మ లేదా అత్తా?"

గిడ్డమ్మ పిల్లాడి నడుం దగ్గరి చేతుల్ని వేలితో తడిమింది.

"ఈ పిల్లోడు నువ్వే. ఆ పొద్దు ఫొటోలు తీసే ఆయప్ప పెద్దింటికి వచ్చింటే, పెద్దింటమ్మ ముచ్చటపడి నిన్ను ఒళ్లో పెట్టుకునింది. నువ్వు ఒకటే ఏడుపు. చీర యాడ తడుపుతావో అని ఆయమ్మ నిన్ను చేత్తో ముట్టుకోల్యా. జారిపోతాంటివి. ఆయప్పేమో నిన్ను పట్టుకోను వచ్చినామెను ఫొటోలో అడ్డమొస్తాండావు, అవతలికి పో అని ఒకటే కసురుడు." గిడ్డమ్మ శిల్ప వైపు తిరిగింది. "పాపా, ఈ ఎనక ఒకరుండాల. ఏం జేస్తివి?"

శిల్ప గబగబా తను చేసిందంతా వెనక్కి తిప్పింది. సగం ముఖం, నెత్తిన కొంగు మళ్లీ వచ్చి కూర్చున్నాయి. మసగ్గానే ఉన్నాయి.

గిడ్డమ్మ ముఖం వెలిగిపోయింది. ఒక చేత్తో కళ్లు ఒత్తుకుంటూ, ఇంకో చేత్తో గోపన్న తల నిమిరింది.

"పొమ్మంటే కుర్చీ ఎనక నక్కింది గానీ, నిన్ను మాత్రం ఇడ్సలేదురా మీయమ్మ."