బెంచీ మీది తాత

"పాత ఫైలు ఇంకా దొరకలేదమ్మా. వచ్చే సోమవారం రా."

గుమస్తా హేమచంద్ర తలెత్తకుండానే చెప్పేశాడు.

భవాని ఉసూరుమంటూ వరండాలోకి వచ్చింది. ఆమె పెరిగింది సర్కారు అనాథాశ్రమంలో. పసికందుగా తను ఎక్కడ దొరికిందో, ఆశ్రమానికి ఎవరు తెచ్చారో రాసిన కాగితాలు సికింద్రాబాద్‌లోని ఈ ఆఫీసులోనే ఉన్నాయి. వాటి కోసం ఏ.ఎస్. రావు నగర్‌లోని మందుల షాపులో సెలవు పెట్టి, మూడు నెలలుగా సోమవారం సోమవారం తిరుగుతోంది.

బెంచీ మీది ముసలాయన పక్కకి జరిగి చోటిచ్చాడు.

"మల్ల వచ్చే సోమవారమేనా బిడ్డా? నాకు సుత గదే చెప్పిండు. ఇగ ఈ బెంచీ మన పేరు మీద రాయించుకుందాం!"

భవానికి నవ్వాగలేదు.

"ఇంతకూ ఏం పని మీద తిరుగుతున్నవ్?"

"ఏదో రికార్డు కావాలి తాతా."

అనాథనని కొత్తవాళ్లకి చెప్పుకోవడం ఆమెకి ఇష్టం ఉండదు.

"నాది ఒక పిల్ల సంగతి," అన్నాడాయన.

మనవరాలి స్కాలర్‌షిప్ కాబోలు అనుకుంది భవాని.

"నోటిమాటకు ఈళ్లు కదలరు బిడ్డా. సమాచార హక్కు కింద అర్జీ పెట్టు. ముప్పై దినాలల్ల జవాబియ్యాలె. ముట్టినట్టు ముద్ర ఏయించుకునుడు మర్వకు."

"మరి మీరెందుకు పెట్టలేదు?"

"పెట్టిన. నాకు హక్కు లేదన్నరు. నీ రికార్డు నీదే గద, జెర గట్టిగ అడుగు!"

ఆయన పక్కనే కూర్చుని ఒక్కో వాక్యం చెబుతుంటే భవాని అర్జీ రాసింది. ముద్ర పడ్డ కాగితం చూసి ఆయన తన పనే అయినంత సంబరపడ్డాడు.

ఇరవై ఎనిమిదో రోజున ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

హేమచంద్ర లావుపాటి ఫైలు తీసి చేతికిచ్చాడు. వెనకే నిలబడ్డ ముసలాయనతో, "సోమయ్యా, నీకు మాత్రం పాత జవాబే," అన్నాడు.

"తెలుసు సారూ, అయినా అడుగుత." ముసలాయన భవాని వైపు తిరిగాడు. "దొరికిందా బిడ్డా! పా, ఇయ్యాల చాయ్ నాది."

"ఇంకోసారి తాతా. ముందు ఇది చదువుకోవాలి."

"మంచిగ చదువుకో. అగో, మా కార్ఖానా బస్తీకి పోయే బస్సు!"

చెయ్యూపుతూ బస్సెక్కి వెళ్లిపోయాడు.

భవాని బెంచీ మీదే కూర్చుని ఫైలు తెరిచింది. మొదటి కాగితంలో నాలుగే వాక్యాలు. సికింద్రాబాద్ స్టేషన్‌లో, ప్లాట్‌ఫారం మీద, పది రోజుల ఆడశిశువు. ఒక రైల్వే కూలీ తన ఎర్రచొక్కాలో చుట్టి తెచ్చి అప్పగించాడు.

తన గురించి ఉన్నది ఇంతేనా? మరి ఫైలు ఇంత లావేమిటి?

కాగితం తిప్పింది. కింద ఏడాదికొకటి చొప్పున ఇరవై ఐదు అర్జీలు. అన్నింట్లో ఒకటే మాట.

"నేను తెచ్చి అప్పజెప్పిన పాప మంచిగున్నదా? సదువుకుంటున్నదా? గంతే చెప్పుండ్రి సారూ."

ప్రతిదాని మీదా ఎర్రసిరాతో, "రక్తసంబంధం లేదు. వివరాలు ఇవ్వరాదు."

అన్నింటికన్నా కొత్తదాని మీద పోయిన సోమవారం ముద్ర ఉంది. దాని అడుగున వంకరటింకర అక్షరాలతో సంతకం: సోమయ్య, రిటైరయిన కూలీ, కార్ఖానా.